మూడో వాయి గిన్నెలు

కిందటి వారం కథ ఆగేసరికి ప్రిస్కిల్లా ఫోను చెవి దగ్గర పెట్టుకుని వంటింటి గడపలో నిలబడి ఉంది. అవతల మాట్లాడుతున్నది బ్యాంకు మేనేజరు కిరణ్ కుమార్. మర్యాదస్తుడు, గొంతు పెంచే మనిషి కాదు. "అమ్మా, మీ వంటకి వంక పెట్టలేం. కానీ క్యారేజీ విప్పితే అన్నం గిన్నె అడుగున నీళ్ళు, పెరుగు గిన్నె మూత తీస్తే తడి వాసన. ఈ వారంలో ఇది మూడోసారి. ఇంకోసారి ఇలా అయితే మేం వేరే చోట చూసుకోవాల్సి వస్తుంది" అని చెప్పి ఫోను పెట్టేశాడు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువగా తగిలింది ప్రిస్కిల్లాకి.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ప్రిస్కిల్లా నరసాపురంలో మొగల్తూరు రోడ్డు పక్క ఇంట్లో ఎనిమిదేళ్ళుగా క్యారేజీలు నడుపుతోంది. ఇరవై నాలుగు క్యారేజీలు, ఒక్కోదానికి మూడు గిన్నెలు. ఆమె వండుతుంది, ఆమె భర్త లాజరు తన ఆటోలో వాటిని బ్యాంకుకి, ఆసుపత్రికి, లేసు షాపులకి చేరవేసి మధ్యాహ్నం మళ్ళీ పోగుచేసుకొస్తాడు. మొదటి రోజు నుంచీ ఆ గిన్నెలు తోముతున్నది జ్ఞానమ్మ. రక్తసంబంధం ఏమీ లేదు గానీ చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునే పెద్దావిడ కాబట్టి ప్రిస్కిల్లా ఆమెని పెద్దమ్మా అంటుంది. అరవై రెండేళ్ళ మనిషి. ఈ వానాకాలం ఆమె వేళ్ళ సందులు నీళ్ళలో నాని నాని పుండ్లు పడ్డాయి. మూడు నెలలు చేతులు తడపకూడదన్నాడు డాక్టరు. అప్పుడే ప్రిస్కిల్లా, లాజరు ఎంత వద్దంటున్నా వినకుండా, బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరుగారి ఇంటి నుంచి వాడిన డిష్‌వాషర్ తెచ్చింది. వీధి వీధంతా వచ్చి చూసి దానికి గిన్నెల మిషను అని పేరు పెట్టింది.

మిషను బ్రహ్మాండంగా తోముతోంది, మెతుకు గానీ జిడ్డు గానీ ఉండటం లేదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, గిన్నెలు తడిగా వస్తున్నాయి. ఎంత తుడిచి పెట్టినా ఈ వానాకాలం గాలికి మర్నాటి దాకా తడి మిగిలిపోతోంది. పైగా సోమవారం నుంచి లేసు సెంటరు వాళ్ళు ఇంకో పదహారు క్యారేజీలు అడిగారు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారిగా అంత పెద్ద ఆర్డరు రాలేదు. ఉన్నవాటిని తుడుచుకోవడానికే సాయంత్రాలు చాలటం లేదు ప్రిస్కిల్లాకి.

ఇక శనివారం.

మధ్యాహ్నం రెండున్నరకి పల్లంరాజు స్కూటరు గేటు ముందు ఆగింది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు బాగుచేసే మనిషి. యాభై దాటాయి. కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తుకుని, అది ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటాడు. మిషను బిగించిన రోజున ఒకసారి, పోయిన వారం ఒకసారి వచ్చాడు. రావడం ఇది మూడోసారి.

"ఊళ్ళో ఇలాంటివి నేను చూసింది రెండేనండి," అన్నాడు చెప్పులు విప్పుతూ. "మొదటిదాన్ని ఆ ఇంటివాళ్ళు పెళ్ళికి వచ్చిన బహుమతని అట్టపెట్టెలోనే ఉంచేశారు. అంచేత నిజంగా పనిచేసేది ఇదొక్కటే. దీన్ని వదలకూడదని పొద్దున్నే ఫోనులో పుస్తకమంతా చదువుకుని వచ్చాను."

"అంతా చదివారా?" అంది ప్రిస్కిల్లా.

"బొమ్మలున్న పేజీలు రెండుసార్లు చదివానండి."

మామూలు రోజుల్లో మూడింటికి ప్రిస్కిల్లా మొదటి వాయి గిన్నెలు మిషనులో సర్ది, మీట నొక్కి, లాజరుతో పాటు బజారుకి వెళ్ళిపోతుంది. మర్నాటి కూరగాయలూ చేపలూ చూసుకుని వచ్చేసరికి ఆరవుతుంది. మొదటి వాయి తీసి రెండో వాయి వేసే పని జ్ఞానమ్మది. తొడుగులతో గిన్నెలు మార్చి మీట నొక్కడమే కాబట్టి చేతులు తడవవు. ఈ పూట మాత్రం ప్రిస్కిల్లా లాజరుని ఒక్కడినే పంపింది.

వంటింటి గుమ్మం పక్క పీట మీద కూర్చున్న జ్ఞానమ్మ ఆ మాట విని కదిలింది.

"నువ్వు కూడా వెళ్ళవమ్మా. లాజరు అబ్బాయికి బీరకాయ ముదురో లేతో తెలీదు. ఇక్కడ నేనున్నాగా, ఆయన్ని చూసుకుంటాను."

"పరవాలేదులే పెద్దమ్మా. ఈరోజు దీని సంగతి తేల్చుకోవాలి నేను."

జ్ఞానమ్మ చేతులకి తొడుక్కున్న, నీళ్ళు దిగని రెక్సిన్ తొడుగులని సర్దుకుంది. ఆ తొడుగులు ప్రిస్కిల్లాయే కుట్టించింది.

పల్లంరాజు మిషను తలుపు తెరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కింది జల్లెడ తీసి వెలుతురులో పెట్టి చూశాడు. శుభ్రంగా ఉంది. తలుపు లోపలి వైపు చిన్న మూత తీసి వేలితో తట్టాడు.

"ఇందులో రిన్స్ ఎయిడ్ పోశాను కదండి పోయినసారి. ఉందింకా. ఇది ఉంటే నీటిబొట్టు గిన్నెకి పట్టుకుని వేలాడకుండా జారిపోతుంది. మన నీళ్ళలో ఉప్పదనం ఎక్కువ కాబట్టి డోసు కూడా పెంచాను. నీళ్ళని మెత్తబరిచే మిషను ఉప్పు కూడా వేశాం. అంటే దీని తప్పు కాదు."

మీటరు తీసి హీటరు చూశాడు. అదీ బాగానే ఉంది. ప్రిస్కిల్లా సర్దిన గిన్నెల వైపు తిరిగి రెండు మూడు తీసి వంచి పెట్టాడు.

"వీటిని బోర్లించారు, బాగుంది. కానీ క్యారేజీ గిన్నెకి అడుగున గుంట ఉంటుంది చూశారా? తిన్నగా బోర్లిస్తే ఆ గుంటలో చెంచాడు నీళ్ళు నిలబడిపోతాయి. ఇలా ఒక పక్కకి వాలిస్తే జారిపోతాయి. ఇంకోటి, ఈ ప్లాస్టిక్ మూతలు. ఇవి ఏం చేసినా ఆరవండి, స్టీలులా వేడి పట్టుకోవు. వీటిని గుడ్డతో తుడుచుకోవాల్సిందే."

"చెంచాడు నీళ్ళయితే నేను ఇంత గోల పెట్టనండి. చేత్తో పట్టుకుంటే మోచేతి దాకా కారుతున్నాయి."

"అన్నీ అలాగే ఉంటున్నాయా?"

ప్రిస్కిల్లా ఆలోచించింది. ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, తనని తాను కూడా అడుక్కోలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి, ఎడమ పక్క బల్ల మీద ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్న గిన్నెలు చూసి, పమిట దోపుకుని తుడవడం మొదలుపెట్టేది. అవి ఒకటి నుంచి పన్నెండో నంబరు దాకా ఉన్న క్యారేజీలవి. మిగతా పన్నెండూ అప్పటికి మిషనులోనే ఉండేవి. తను తుడవడం అయ్యేసరికి అవీ అయ్యేవి. వాటిని తీస్తే వెచ్చగా, పొడిగా ఉండేవి. తను అలిసిపోయి ఆ సంగతి పట్టించుకోలేదు, అంతే. బ్యాంకు మేనేజరుది ఏడో నంబరు.

"లేదండి," అంది నెమ్మదిగా. "మొదటి వాయే తడి. రెండోది బానే ఉంటోంది."

పల్లంరాజు కళ్ళజోడు కిందకి దించాడు.

"అదేంటండి మరి. మిషను పాడైతే రెండూ తడిగా రావాలి కదా. దీనికి మొదటి వాయి మీద పగ ఏముంటుంది?"

లేచి, ముందు వైపున్న రెండు మీటలు ఒకేసారి నొక్కి పట్టుకున్నాడు. చిన్న తెర మీద అంకెలు వెలిగాయి. జేబులోంచి పాత డైరీ తీసి పేజీలు తిప్పాడు.

"బిగించిన రోజున ఇది అంతకుముందు ఎన్నిసార్లు తిరిగిందో రాసుకున్నాను. ఆరువందల పదకొండు. మీరు వేస్తున్నది రోజుకి రెండు, అవునా?"

"ఆదివారం తప్ప. మొన్న సోమవారానికి నాలుగో వారం పడింది. నిన్నటికి ఇరవై మూడు రోజులు."

"అంటే నలభై ఆరు. ఆరువందల యాభై ఏడు ఉండాలి." తెర వైపు వేలు చూపించాడు. "ఆరువందల ఎనభై ఉందండి. ఇరవై మూడు ఎక్కువ. రోజుకొకటి చొప్పున."

ప్రిస్కిల్లా ఆ అంకె వైపు వంగి చూసింది. కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు మిషను దాన్ని ఇంకో వాయిగా లెక్కపెడుతోందేమో అంది. రోజూ తప్పకుండా ఒకే ఒక్కసారి కరెంటు పోతుందా అన్నాడు పల్లంరాజు. వాడిన మిషను కదా, అంకెలు తప్పుగా చూపిస్తోందేమో అంది. "అయి ఉండొచ్చండి," అన్నాడు గానీ ఆ గొంతులో నమ్మకం లేదు. జ్ఞానమ్మ పీట మీంచి లేచి, టీ పెడతానంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆమెని టీ పెట్టమని ఎవరూ అడగలేదు.

మూడు గంటలకి సబ్బు బిళ్ళ వేసి మీట నొక్కారు. మొత్తం రెండు గంటల పని. పల్లంరాజు అయ్యేదాకా ఉంటానన్నాడు. టీ తాగాడు, పులిహోర తిన్నాడు, వాళ్ళ పెద్దమ్మాయికి భీమవరంలో ఉద్యోగం వచ్చిన కథ చెప్పాడు. మిషను లోపల నీళ్ళు గిర్రున కొడుతున్న చప్పుడు వాన కురుస్తున్నట్టు వస్తోంది. ప్రిస్కిల్లా సోమవారం పదహారు క్యారేజీలకి ఏ కూర పెట్టాలో లెక్కలు వేసుకుంటూ చిక్కుడుకాయలు వలుస్తోంది. నిజానికి ఆమెకి చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం పూట ఇంట్లో తీరిగ్గా కూర్చున్నట్టుగా ఉంది. కిటికీలోంచి గోదావరి గాలి తగులుతుంటే హాయిగానే ఉంది.

నాలుగూ ఇరవైకి చప్పుడు ఆగింది.

ఆగీ ఆగకముందే జ్ఞానమ్మ లేచింది. ఆలోచించి లేచినట్టు లేదు. పాలు పొంగుతుంటే చెయ్యి దానంతటది మంట తగ్గించినట్టు, రెండు అడుగుల్లో మిషను దగ్గరికి వెళ్ళి తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"పెద్దమ్మగారూ, ఆగండాగండి," అన్నాడు పల్లంరాజు.

"అయిపోయింది కదండి."

"ఎక్కడ అయిందండి? ఇంకా నలభై నిమిషాలుంది. తెర మీద చూడండి."

జ్ఞానమ్మ చెయ్యి పిడి మీదే ఉంది. "చప్పుడు ఆగిపోయింది కదా మరి."

"కడగడం ఆగింది. ఆరడం ఇప్పుడే మొదలవుతుంది." అతను దగ్గరికి వచ్చి, చిన్నపిల్లలకి చెప్పినట్టు కాకుండా తను కొత్తగా తెలుసుకున్న సంగతి పంచుకుంటున్నట్టు చెప్పాడు. "చివరి నీళ్ళు సలసలా కాచి కొడుతుందండి. ఆ వేడి గిన్నెలో ఉండిపోతుంది. గిన్నె మీదున్న తడి ఆవిరై లేచి, చల్లగా ఉన్న గోడలకి పట్టి, కిందకి జారి బయటకి పోతుంది. దీనికి చప్పుడెందుకుంటుంది? ఇప్పుడు తలుపు తీశామంటే వేడంతా ఒక్కసారి బయటకి పోతుంది. ఇక ఎంతసేపు పెట్టినా ఆరవు."

జ్ఞానమ్మ మిషను వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది.

"అంటే ఊరికే కూర్చున్నట్టు కనపడినప్పుడు కూడా అది పని చేస్తున్నట్టేనా?"

"ఆయ్. అసలు పని అప్పుడేనండి."

"నేను ఊరికే కూర్చుందనుకున్నాను," అంది జ్ఞానమ్మ, ఎవరితోనూ కానట్టు.

ప్రిస్కిల్లా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. రోజుకొకటి చొప్పున ఇరవై మూడు. నాలుగున్నరకి తను ఎప్పుడూ ఇంట్లో ఉండదు. పల్లంరాజు ఇద్దరి ముఖాలూ చూసి, స్కూటరులో పెట్రోలు చూసుకుని వస్తానని చెప్పి బయటకి నడిచాడు. ఆ మాటకి అర్థం లేదని అతనికీ తెలుసు.

"పెద్దమ్మా," అంది ప్రిస్కిల్లా. "రోజూ మధ్యలో తలుపు తీసేస్తున్నావా?"

"కడగడం అయిపోయాకే తీశానమ్మా."

"తీసి?"

జ్ఞానమ్మ తొడుగులున్న వేళ్ళని ఒకదానిలో ఒకటి పెట్టుకుంది.

"నేను అడిగితే, గిన్నెలు తడిగానే వస్తున్నాయని చెప్పావు కదా," అంది ప్రిస్కిల్లా.

"అబద్ధం చెప్పలేదు. నేను తీసేసరికి తడిగానే ఉన్నాయి."

ప్రిస్కిల్లాకి ఒక్క క్షణం ఒళ్ళు మండింది. నెల రోజులుగా రోజుకి ముప్ఫై ఆరు గిన్నెలు తుడిచి తుడిచి మెడలు పట్టేశాయి. మేనేజరుగారి చేత మాట పడింది. ఆ మిషను తెచ్చిందే ఈ మనిషి చేతుల కోసం. పళ్ళెం కిందపెట్టి లేచి నిలబడింది.

"ఎందుకు తీశావో చెప్పు. ఆ ఎక్కువ వాయి ఏంటి? ఎవరి గిన్నెలు వేస్తున్నావు?"

జ్ఞానమ్మ పెరటి తలుపు దగ్గరికి వెళ్ళింది. కట్టెల గూడు వెనక నుంచి లేసు దారాల కండెలు వచ్చే గోనె సంచి ఒకటి ఈడ్చుకొచ్చి వంటింటి మధ్యలో పెట్టింది. సంచి గలగలమంది. ప్రిస్కిల్లా మూతి విప్పి చూసింది. కంచాలు, గ్లాసులు, ఇడ్లీ రేకులు, ఒక చిన్న కుక్కరు. ఏవీ తమవి కావు.

"సీతారామలక్ష్మి టీచరుగారి ఇంటివి," అంది జ్ఞానమ్మ. "అడుగున నర్సమ్మగారివి. మధ్యాహ్నం ఇక్కడికి వచ్చేటప్పుడు తెస్తాను. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఇచ్చేసి పోతాను."

"ఆ ఇళ్ళు మానేశానని చెప్పావు కదా నాతో."

"మానేస్తే ఎలాగమ్మా. టీచరుగారి ఇంట్లో పధ్నాలుగేళ్ళు చేశాను. మూడు నెలలు రానంటే వాళ్ళు ఇంకొకరిని పెట్టుకుంటారు. పెట్టుకోక ఏం చేస్తారు, వాళ్ళకీ ఇబ్బందేగా. పెట్టుకున్నాక ఆ మనిషిని పంపించేసి నన్ను రమ్మంటారా? అలా రమ్మన్నా, ఒకరి పొట్ట కొట్టి నేను వెళ్తానా? అందుకని చేతులకి మందు రాసుకుంటున్నాను, గిన్నెలు మా ఇంటికి పట్టుకెళ్ళి కూర్చుని తోముకొస్తానని చెప్పాను. సరేనన్నారు."

"మరి మన గిన్నెలతో పాటే వేసెయ్యకపోయావా? అంత చోటుంది కదా."

జ్ఞానమ్మ ఆ మాటకి నిజంగానే నొచ్చుకున్నట్టు చూసింది. "అదేం మాటమ్మా. వాళ్ళు ఉల్లిపాయ కూడా అన్ని రోజులూ తినరు. మన చేపల పులుసు గిన్నెల పక్కన వాళ్ళ కంచాలు పెడతానా? తెలీకపోతే మాత్రం, అది నమ్మకద్రోహం కాదూ? అందుకే విడిగా వేశాను. ఆ నర్సమ్మగారు కూడా తన సామానులో పాలూ పెరుగన్నం తప్ప నీచు పెట్టదు కాబట్టి ఆవిడవి కలిపాను. అరగంట మీట ఉంది కదా, అది నొక్కేదాన్ని. మన మొదటి వాయి చప్పుడు ఆగాక ఇది ఊరికే కూర్చుంటోంది కదా, ఆ ఖాళీలో అయిపోతుందిలే అనుకున్నాను. మళ్ళీ సరిగ్గా వేళకి మన రెండో వాయి వేసేసేదాన్ని. నీకు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు చూడు."

ఈ మిషను పుస్తకంలో బొమ్మలున్న పేజీలు రెండుసార్లు చదివిన పల్లంరాజు కంటే, ఒక్క అక్షరం చదవని ఈ ముసలావిడ ఎక్కువ పని చేయించింది దానిచేత. రోజుకి నలభై నిమిషాల ఖాళీ కనిపెట్టి అందులో రెండిళ్ళ ఉద్యోగం సర్దుకుంది. ఆ ఖాళీ నిజంగా ఖాళీ కాదన్న సంగతి ఒక్కటే తెలియలేదు.

"టీచరుగారు ఏమన్నారు మరి?" అని అడిగింది ప్రిస్కిల్లా. తను కోపంగా అడుగుదామనుకున్న ప్రశ్న అది కాదు.

"గ్లాసులు ఇంత తళతళలాడటం ఎప్పుడూ చూడలేదు, నీ చేతిలో ఏదో మహిమ ఉంది జ్ఞానమ్మా అన్నారు." ఒక్క క్షణం ఆగి, "నేనేం అనలేదు. తల ఊపాను" అంది.

ప్రిస్కిల్లాకి నవ్వొచ్చింది. ఆపుకుందామని పమిట అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. గోడకి ఆనుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. జ్ఞానమ్మ మొదట అనుమానంగా చూసి, తర్వాత తనూ నెమ్మదిగా నవ్వింది. ముందు పళ్ళు రెండు లేని ఆ నవ్వు చూసి ప్రిస్కిల్లాకి మిగిలిన కోపం కూడా జారిపోయింది.

"నన్ను అడిగి ఉంటే సరిపోయేది కదా పెద్దమ్మా. పొద్దున పదకొండింటికి క్యారేజీలు వెళ్ళిపోతాయి. మళ్ళీ మూడింటి దాకా మిషను నిజంగానే ఊరికే కూర్చుంటుంది. అప్పుడు వేసుకో. పూర్తిగా ఆరనిచ్చి తీసుకెళ్ళు."

"అడిగితే తిడతావనుకున్నాను. ఆ ఇళ్ళు మానెయ్యమంటావనుకున్నాను."

"అనేదాన్నే," అని ఒప్పుకుంది ప్రిస్కిల్లా. "నీకు మంచి చేస్తున్నాననుకుని అనేదాన్ని. నీ ఇళ్ళు నీవి. ఇంకెప్పుడూ అనను. కానీ టీచరుగారికి మాత్రం చెప్పెయ్. మిషనులో విడిగా వేస్తున్నానని చెబితే ఆవిడ ఏమీ అనుకోరు."

"చెబితే మహిమ పోతుంది," అంది జ్ఞానమ్మ. కానీ తల ఊపింది.

పల్లంరాజు గుమ్మం దగ్గర దగ్గి లోపలికి వచ్చాడు. నేల మీద గోనె సంచి చూశాడు, డైరీ తీసి ఏదో కొట్టేసి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అడగలేదు. ఆ మర్యాదకి ప్రిస్కిల్లా మనసులో దండం పెట్టుకుంది.

ఐదింటికి మిషను మూడుసార్లు కూసింది. వెంటనే తియ్యొద్దన్నాడు పల్లంరాజు. తలుపు నాలుగు వేళ్ళ సందు తెరిచి పది నిమిషాలు ఆగమన్నాడు. పై అరలో ఏమైనా బొట్లు ఉంటే కింద పడతాయి కాబట్టి ముందు కింది అర ఖాళీ చెయ్యాలన్నాడు. పది నిమిషాలూ ముగ్గురూ పొయ్యి మీద పాయసం చూస్తున్నట్టు దాని ముందు నిలబడ్డారు. తర్వాత ప్రిస్కిల్లా మొదటి గిన్నె తీసింది. ఏడో నంబరు, మేనేజరుగారి అన్నం గిన్నె. వెచ్చగా ఉంది. లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పింది. అడుగున గుంటలో తడిమింది. గిన్నెని చెంపకి ఆనించుకుంది. ఒక్క చుక్క లేదు. రెండోది తీసింది, మూడోది తీసింది. జ్ఞానమ్మ తొడుగు విప్పి, పొడి వేలితో ఒక గిన్నె అంచు ముట్టుకుని, "ఎండలో పెట్టినట్టుంది" అంది. ఆమె వేళ్ళ సందుల్లో పుండ్లు మాని లేత చర్మం వస్తోంది. ఆ సంగతి ప్రిస్కిల్లా ఆ రోజే గమనించింది.

ప్లాస్టిక్ మూతలు మాత్రం చెప్పినట్టే తడిగా ఉన్నాయి. వాటిని తుడవడానికి పది నిమిషాలు పట్టింది. సోమవారం పదహారు కాదు, ఇరవై చెప్పినా చెయ్యగలననిపించింది ప్రిస్కిల్లాకి. పల్లంరాజు డబ్బులు వద్దన్నాడు, మిషనులో తను బాగుచేసిందేమీ లేదన్నాడు. చేపల పులుసు డబ్బాలో పోసి ఇస్తే మాత్రం కాదనకుండా స్కూటరు ముందు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"రెండో వాయి వేసే ముందు నీ సంచి సంగతి చూద్దాం పెద్దమ్మా. టీచరుగారు ఎదురుచూస్తారు," అంది ప్రిస్కిల్లా, నేల మీద చతికిలబడి. జ్ఞానమ్మ పేర్లు చెబుతుంటే ఒక్కొక్కటే అందుకుని అరలో సర్దింది. టీచరుగారి కంచాలు పైన, ఇడ్లీ రేకులు పక్కన. సంచి అడుగున నర్సమ్మగారివి నాలుగే నాలుగు. కంచం, గ్లాసు, గరిటె, ఒక పాలగిన్నె.

పాలగిన్నెని వాలుగా పెట్టబోతుంటే పక్కన చెక్కిన అక్షరాలు బొటనవేలికి తగిలాయి. స్టీలు సామాను మీద పేర్లు కొట్టించడం మామూలే కాబట్టి ఊరికే తిప్పి చూసింది.

"మెర్సీకి – అక్క ప్రిస్కిల్లా – 2011."

మొదట్నుంచీ ఈ కథ చదువుతున్నవాళ్ళకి మెర్సీ ఎవరో తెలుసు. ప్రిస్కిల్లాకి ఒక్కతే చెల్లెలు. తొమ్మిదేళ్ళ కింద తల్లి పోయినప్పుడు కాకినాడ ఆసుపత్రిలో నర్సు డ్యూటీ వదిలి రాలేక, సమాధి పూడ్చాక చేరుకుంది. అందరి ముందూ ప్రిస్కిల్లా "ఇప్పుడెందుకొచ్చావు?" అంది. ఆ ఒక్క మాటే అంది. మెర్సీ చేతిలో ఉన్న పూలు మట్టి మీద పెట్టి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత ప్రిస్కిల్లా ఎన్ని ఉత్తరాలు రాసినా, ఎన్నిసార్లు ఫోను చేసినా జవాబు లేదు. ఈ గిన్నె కొన్న రోజు ఇంకా గుర్తుంది ఆమెకి. 'చెల్లి' అనే మాట కూడా చెక్కమంటే చోటు చాలదన్నాడు షాపువాడు.

"పెద్దమ్మా, ఈ నర్సమ్మగారు ఎవరు?"

"జూన్‌లో బదిలీ మీద వచ్చిందమ్మా. రేవు దగ్గర మేడ మీద గదిలో ఉంటుంది. మంచి మనిషి. నా వేళ్ళు చూసి డాక్టరు దగ్గరికి పొమ్మని తరిమింది ఆవిడే." జ్ఞానమ్మ ఆమె ముఖంలోకి చూసి గొంతు తగ్గించింది. "ఏమ్మా, అలా అయిపోయావు?"

"పేరేంటి?"

"సిస్టరమ్మా అని పిలుస్తాను. పేరు అడగలేదు. మధ్యాహ్నం మన క్యారేజీయేగా తినేది. లాజరు అబ్బాయికి బాగా తెలుసు. రోజూ తనే మేడెక్కి చేతికిచ్చి వస్తాడు. మొన్న ఆదివారం కూడా ఏదో కూర పట్టుకెళ్ళాడు, నేను అక్కడే ఉన్నాను."

ఆసుపత్రికి రెండు క్యారేజీలు వెళ్తాయని ప్రిస్కిల్లాకి తెలుసు. వాటిలో ఒకటి రేవు దగ్గర మేడకి వెళ్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

గేటు ముందు ఆటో ఆగింది. లాజరు రెండు చేతులా సంచులతో, పాట కూనిరాగం తీస్తూ లోపలికి వచ్చాడు. బల్ల మీద పొడిగా మెరుస్తున్న గిన్నెల వరస చూడగానే ముఖం విప్పారింది. "ఆరాయా? నేను చెప్పలేదూ, మన పల్లంరాజుగారు సామాన్యుడు కాదని..." అంటూ భార్య వైపు తిరిగాడు. ఆమె చేతిలో ఉన్న పాలగిన్నె చూశాడు. సంచులు కింద పెట్టాడు. బీరకాయలు దొర్లి గడప దాకా పోయినా వంగి తియ్యలేదు.

"ఎన్నాళ్ళుగా తెలుసండీ మీకు?" అంది ప్రిస్కిల్లా.

"జూన్ నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

లాజరు వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అతని ముఖంలో తప్పు చేసిన బెదురు లేదు. చాలా రోజులుగా మోస్తున్న బరువు దించుకునే వేళయిందన్న నెమ్మది ఉంది.

"మెర్సీయే వద్దంది. రేపు ఆదివారం ప్రార్థన అయ్యాక తనే వస్తానంది," అన్నాడు. "ప్రిస్కిల్లా, తను ఒక్కతే రావడం లేదు."